ఇంజె సొరంగంలో ముప్ఫై ఎనిమిది చీమలు

ఉదయం ఎనిమిది యాభై ఆరు. సియోల్‌లో షేర్ మార్కెట్ తెరవడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

షేర్ల కంపెనీలన్నీ ఉండే యొయిదోలో ఒక ఆఫీసు భవనం కింది అంతస్తు. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపలున్న మనిషి ఒక్క అడుగు వేసి ముందుకు తూలాడు. బయట ఎదురుచూస్తున్న గూఢచారి శాఖ ఏజెంట్ తక్ జేహ్వాన్ చేతుల్లోకి పడిపోయాడు.

ఆయన పేరు యోమ్ సాంగ్‌జున్. కరెంటు కార్లూ, హైబ్రిడ్ బస్సులూ తయారుచేసే సెబ్యొల్ మోటార్స్‌లో బ్యాటరీ ఇంజనీరు. ఏదో చెప్పాలని తనే కబురు పెట్టి జేహ్వాన్‌ని రప్పించాడు. ఇప్పుడు పెదాలు నీలంగా ఉన్నాయి. మెడ మీద, సూది గుచ్చినచోట, చిన్న ఎర్రటి చుక్క.

"శనివారం..." అన్నాడు. "చీమలు..."

అంతే. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పదకొండేళ్ళ సర్వీసులో జేహ్వాన్ శవాలు చూశాడు గానీ, తన చేతుల్లో ఒక మనిషి శవంగా మారడం చూడలేదు. ఆ సాయంత్రం ఆఫీసుకెళ్ళి జరిగిందంతా చెప్పాడు.

"చీమలంటే ఎవరు?" అడిగాడు చీఫ్ గుక్. బట్టతల, సన్నటి గొంతు. జీవితంలో ఒక్క షేరు కూడా కొనని మనిషి.

"చిన్న మదుపరులు సార్. వాళ్ళని వాళ్ళే అలా పిలుచుకుంటారు."

"అయితే వీళ్ళే." చీఫ్ ఒక ఫైలు తెరిచాడు. "ఈ శనివారం సెబ్యొల్ చీమలంతా ఒక క్లబ్బుగా కలిసి, తూర్పు తీరంలో కంపెనీ ఫ్యాక్టరీ చూడ్డానికి వెళుతున్నారు. కంపెనీ కొత్త హైబ్రిడ్ బస్సులో. నీతో కలిపి ముప్ఫై ఎనిమిది మంది. ఆ కంపెనీ మీద ఒక విదేశీ ముఠా కన్నేసింది. షేరు ధర కుప్పకూల్చి, ఫ్యాక్టరీని తుక్కు రేటుకి కొనెయ్యాలని వాళ్ళ ప్లాన్. శనివారం ఫ్యాక్టరీలో ఏదో పేలుతుందని మా అంచనా."

"బస్సు సంగతో?"

"రెండుసార్లు వెతికించాం. బాంబు లేదు. అయినా మన కారు ఒకటి వెనకాలే వస్తుంది." చీఫ్ ఒక చిన్న వినికిడి మిషన్ బల్ల మీద పెట్టాడు. "ఇది రేడియో. చెవిలో పెట్టుకో. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ పేరు మాగ్నోలియా. ఆడో మగో నాక్కూడా తెలీదు. 'నీళ్ళు కలుపుతున్నారా?' అని అడిగితే నువ్వు 'కుండ నిండిపోయింది' అనాలి."

జేహ్వాన్ మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. "యోమ్ నన్ను కలవడానికొస్తున్నాడని వాళ్ళకెలా తెలిసింది సార్?"

"తెలీదు."

"మరి నా మొహం వాళ్ళకి తెలుసా?"

చీఫ్ అద్దాలు తుడుచుకున్నాడు. "అదీ తెలీదు."

శనివారం ఉదయం పది గంటలకు బస్సు సియోల్ దాటింది. జేహ్వాన్ కొండలెక్కేవాళ్ళ జాకెట్టూ, ఎండ టోపీ, చెవిలో మిషన్‌తో వెనక నుంచి రెండో వరసలో కూర్చున్నాడు. బస్సులో సగం మంది వేషం అదే. కాకపోతే వాళ్ళది వేషం కాదు.

"ఈ షేరు నన్నెక్కడ కరిచిందో తెలుసా? లక్షా పదివేల వోన్ దగ్గర కొని ఇరుక్కుపోయా!" ముందు సీట్లోని టాక్సీ డ్రైవరు వెనక్కి తిరిగి చెప్పాడు.

"నువ్వు నయం తమ్ముడూ. నేను కొన్నరోజునే ఆ షేరు కొండెక్కి కూర్చుంది, మర్నాటినుంచి దిగడమే," అంది ఇంకొకావిడ. "కరెంటు కార్లంటే జనం జడుస్తున్నారుట గదా?"

"జడిస్తే జడవనీ. హైబ్రిడ్‌కి ఆర్నెల్లు క్యూ. మన కంపెనీకి రెండు కాళ్ళున్నాయమ్మా."

అందరూ నవ్వారు. జేహ్వాన్‌కి నవ్వు రాలేదు. ప్రతి మొహాన్నీ చూస్తున్నాడు. వీళ్ళలో సూది పట్టుకున్నవాడెవడు?

పక్క సీటావిడ కూరగిన్నెల డబ్బా ఒళ్ళో సర్దుకుంటూ అతని వైపు వంగింది. డెబ్బై ఏళ్ళుంటాయి. మాంగ్‌వోన్ బజారులో పచ్చళ్ళూ కూరలూ అమ్ముతుంది. పేరు మా ఓక్‌బున్.

"ఏం బాబూ," అంది గొంతు తగ్గించి, "నీళ్ళు కలుపుతున్నావా?"

ఈవిడా? మాగ్నోలియా?

"కుండ నిండిపోయింది," అన్నాడు.

"నాదీ నిండి పొర్లుతోంది."

"ఎప్పుడు కొడతారు వాళ్ళు?"

"విదేశీ వాళ్ళేగా? ఇంకెప్పుడు, సోమవారం. పొద్దున తొమ్మిదింటికి."

"ఖాయమా?"

"మొన్నటి నుంచీ లెక్కలు చూస్తున్నా. నా మాట రాసిపెట్టుకో."

జేహ్వాన్ గుండె నెమ్మదించింది. ఇవాళ కాదు. జాకెట్టు కాలర్లోకి మొహం దించి చీఫ్‌కి కబురు చెప్పాడు: మాగ్నోలియా దొరికింది, దాడి సోమవారం. పది నిమిషాల్లో చీఫ్ వెనక వస్తున్న కారుని సియోల్‌కి తిప్పేశాడు.

అంతలో టాక్సీ డ్రైవరు మళ్ళీ వెనక్కి తిరిగాడు. "అన్నా, నువ్వూ నీళ్ళు కలుపుతున్నావా? నాకు కలపడానికి ఇంట్లో చుక్క మిగల్లేదు. ధర పడ్డకొద్దీ ఇంకొన్ని కొనడం, సరాసరి తగ్గిందని సంతోషపడ్డం... ఈ బస్సులో ఆ పని చెయ్యనివాడు ఎవడులే!"

జేహ్వాన్ తల తిప్పి ఓక్‌బున్ వంక చూశాడు.

చీమలందరూ రోజూ అనుకునే మాటని చీఫ్ కోడ్‌గా పెట్టాడు. ఈ ముసలావిడ మాగ్నోలియా కాదు. ఆవిడ చెప్పిన సోమవారం, విదేశీ మదుపరులు షేర్లు అమ్మిపారేసే రోజు. అసలు మాగ్నోలియా ఇక్కడే ఎక్కడో కూర్చుని, తను తప్పు మనిషికి జవాబివ్వడం విని ఉంటుంది.

"చీఫ్! చీఫ్!" చెవిలో గరగర తప్ప ఏమీ లేదు. చుట్టూ కొండలు.

ఇంజె దగ్గర పెద్ద సొరంగానికి ముందు బస్సు ఆగింది. చీమలు దిగి కాల్చిన బంగాళాదుంపల దగ్గర క్యూ కట్టారు. మొబైల్‌కీ సిగ్నల్ లేక జేహ్వాన్ పబ్లిక్ ఫోను వెతుకుతూ పరుగెత్తాడు. దొరకలేదు. తిరిగొచ్చేసరికి ఒక నల్ల కారు పక్కన ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

ఒకరు సొన్‌ఊ హేరిన్. ఇందాకటిదాకా బస్సులో పక్క వరసలో కూర్చున్నావిడ, షేర్ల మీద రోజూ వీడియోలు చేసే అందగత్తె. క్లబ్బుకి మహారాణి. తెల్లకోటు, ముత్యాల చెవిపోగులు. రెండోవాడు ఆ కారులో వచ్చిన ఆమె మేనేజర్ హ్వాంగ్బో. వేసవిలో కూడా తోలు చేతి తొడుగులు తియ్యని మనిషి. అతను తల తిప్పి జేహ్వాన్‌ని చూశాడు. నెమ్మదిగా నవ్వాడు.

ఆ నవ్వుతో జేహ్వాన్‌కి అర్థమైంది. తన మొహం వాళ్ళకి తెలుసు. తెలిసి కూడా వదిలేస్తున్నారంటే, ఎలాగూ ఇవాళే చచ్చిపోతాడని వాళ్ళ లెక్క.

"ఎక్కండి సార్, బయల్దేరుతున్నాం!" డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సులో ముప్ఫై ఆరుగురు కూర్చుని ఉన్నారు. కాళ్ళు వద్దన్నాయి. జేహ్వాన్ ఎక్కాడు. తలుపు మూసుకుంటుండగా తెల్లకోటు ఒకటి దూరింది. హేరిన్!

బస్సు రోడ్డెక్కింది. సొరంగం నోరు దగ్గరే. వెలుగు మాయమైంది. హేరిన్ సీట్లు పట్టుకుంటూ వెనక్కొచ్చి అతని పక్కన వంగింది.

"నీళ్ళు కలుపుతున్నారా?"

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. షేర్ల గురించి అడిగే కళ్ళు కావవి.

"కుండ నిండిపోయింది."

"ఈ బస్సే!" అంది. "బాంబు లేదు. బ్యాటరీని నడిపే ప్రోగ్రామ్ మార్చేశారు. ఉపగ్రహం సిగ్నల్ నాలుగు నిమిషాలు తెగితే, ఇంజను బ్యాటరీలోకి కరెంటు కుక్కుతూనే ఉంటుంది, అంటుకునేదాకా. ఇంత పొడుగు సొరంగం దారిలో ఇదొక్కటే. సొంత మదుపరులు కంపెనీ బస్సులోనే కాలిపోయారంటే సోమవారం ఆ షేరుని ఎవడు ముట్టుకుంటాడు? ఇప్పుడే చెప్పాడు హ్వాంగ్బో, కారెక్కమంటూ. ఫోను బస్సులో మర్చిపోయానని తప్పించుకొచ్చాను."

"అక్కడే అరవొచ్చుగా!"

"డ్రైవరు ఎవరి మనిషో తెలీదు. నువ్వెవరో తెలీదు. ఆ ముసలమ్మకి జవాబిచ్చావు కదా!"

జేహ్వాన్ ముందుకు పరుగెత్తాడు. "ఆపండి! బస్సు ఆపండి!"

డ్రైవరు బెదిరిపోయి పక్కకి తీసి ఆపాడు. తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు. తలుపు మీట నొక్కాడు. తెరుచుకోలేదు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "సార్, నాకు పిల్లలున్నారు సార్," అన్నాడు. ముఠా మనిషి కాదు.

అద్దాలు పగలగొట్టే సుత్తి ఉండాల్సినచోట కొక్కెం వేలాడుతోంది. సుత్తి లేదు. టాక్సీ డ్రైవరు బూటుతో అద్దాన్ని తన్నాడు. అద్దం చెక్కుచెదరలేదు. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. డ్రైవరు ముందున్న తెర మీద బ్యాటరీ వేడి అంకెలు ఎక్కుతున్నాయి. డెబ్బై ఒకటి. డెబ్బై తొమ్మిది. ఎనభై ఎనిమిది. నేల కింద నుంచి మాడు వాసన.

జేహ్వాన్ బుర్ర ఖాళీ అయిపోయింది. పిస్తోలు వాడకం నేర్పారు, తాళాలు తెరవడం నేర్పారు. బస్సు బ్యాటరీ గురించి ఎవరూ ఏమీ నేర్పలేదు. యోమ్ నీలం పెదాలు కళ్ళముందు కదిలాయి. ఆ మనిషి చెప్పలేకపోయింది ఇదే.

"నారింజరంగు ప్లగ్గు!"

వెనక నుంచి గొంతు. ఓక్‌బున్.

"ఏంటమ్మా?"

"బ్యాటరీకీ ఇంజనుకీ మధ్య కరెంటు తెంపే ప్లగ్గు. కంపెనీ వార్షిక నివేదికలో బొమ్మ వేశారు. నూటపద్నాలుగో పేజీ. భూతద్దం పెట్టుకు చదివాను. ఎడమవైపు వెనక నుంచి రెండో సీటు కింద." ఆవిడ తన సీటు వంక చూసింది. "అమ్మో, దాని మీదే కూర్చున్నాను!"

డబ్బా అవతలికి విసిరేశారు. పచ్చడి నేలంతా పరుచుకుంది. టాక్సీ డ్రైవరు నాణెంతో మరలు విప్పాడు. మూత కింద నారింజరంగు పిడి. జేహ్వాన్ చెయ్యి పెట్టబోయాడు.

"ఉట్టి చేతులా? చస్తావు!" ఆవిడ సంచీలోంచి గులాబీరంగు రబ్బరు తొడుగులు లాగి అతని చేతుల్లో కుక్కింది. పచ్చళ్ళు కలిపే తొడుగులు. వెల్లుల్లి వాసన. "ముందు పైకి లేపు, తర్వాత నీవైపు లాగు."

"నూటపద్నాలుగు డిగ్రీలు!" ముందు నుంచి డ్రైవరు అరిచాడు. "నూటపంతొమ్మిది!"

పిడి లేచింది. తర్వాత కదల్లేదు. హేరిన్ ముత్యాల చెవిపోగులు ఊగుతుండగా అతని మణికట్లు పట్టుకుని తనూ లాగింది. ఫట్‌మని నీలి మెరుపు. ఇద్దరూ వెనక్కి పడ్డారు. ప్లగ్గు అతని చేతిలో ఉంది.

అందరూ డ్రైవరు ముందున్న తెర వైపు తిరిగారు.

"నూటపంతొమ్మిది," అన్నాడు డ్రైవరు. కాసేపాగి, "నూటపద్దెనిమిది." ఆ తర్వాత మాట్లాడలేక స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

తలుపుని పట్టి ఉంచిన గాలి బుస్సున వదిలింది. నలుగురు చేతులతో తోసి తెరిచారు. సొరంగం గోడకున్న ఫోన్లోంచి జేహ్వాన్ చీఫ్‌తో మాట్లాడాడు. హ్వాంగ్బో ఇప్పటికే పారిపోయి ఉంటాడంటుంటే, హేరిన్ అరచెయ్యి తెరిచి చూపించింది. నల్ల కారు తాళం. "వాడి జేబులోంచి," అంది. పావుగంటలో పోలీసులు అతన్ని ఆ కారు పక్కనే, డోరు గుంజుతుండగా పట్టుకున్నారు.

గోడవారన చీమలు బారులు తీరి నిలబడ్డారు. జేహ్వాన్ నేల మీద కూలబడ్డాడు. ఓక్‌బున్ పక్కన కూర్చుని అతని వీపు నిమిరింది.

"భయమేసిందా బాబూ?"

"చచ్చేంత."

"నాకూ." ఆవిడ అవతల ఫోన్లు బయటికి తీస్తున్న చీమల్ని ఒకసారి చూసింది. "ఇవాళ శనివారం కాబట్టి సరిపోయింది. మార్కెట్ తెరిచి ఉంటే, వీళ్ళలో సగం మంది షేర్లు అమ్మేసిగానీ బస్సు దిగేవాళ్ళు కాదు."