అంకెల్లేని వాచీ

వరండాలో పొద్దుటి ఎండ పడే వేళకు తెల్ల తువ్వాలు పరిచి కూర్చున్నాడంటే, ఇంటికి పెళ్లివారొచ్చినా రఘుపతి లేవడు. తువ్వాలు మీద పాత వాచీలు వరసగా పెడతాడు. ఒక్కొక్కదాని ముళ్లనూ పది దాటి పది నిమిషాలకు తిప్పి ఫోన్‌లో ఫోటో తీస్తాడు. అట్లా పెడితేనే కంపెనీ పేరు ముళ్ల మధ్య నిండుగా కనబడుతుందట.

నందికొండ డ్యామ్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడాయన. వాచీల పిచ్చి చిన్ననాటిదే గానీ అమ్మకం మాత్రం కొత్త. కూతురు అనూహ్య మొన్న హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు అమ్మకాల యాప్ ఒకటి పెట్టిచ్చి, "బాపుకు పొద్దుపోతది" అంది. బాపుకు పోతోంది, నిజమే. అమ్మకు పోవడం లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

భార్య గోవిందమ్మ ఉప్మా ప్లేటు తెచ్చి గట్టు మీద పెట్టింది.

"సల్లారుతది, తినరాదు?"

"ఆఁ" అన్నాడు, తలెత్తకుండా. "టైమెంతాయె?" అంటే తలెత్తి ఆమెను చూసి, "ఎనిమిదిన్నర" అన్నాడు. అంతలో ఫోన్ మోగింది. మొహం ఒక్కసారిగా విప్పారింది.

"చెప్పండి సార్! బాగున్నరా? తిన్నరా? కర్నూల్‌ల వానలు గట్టిగున్నయంట గదా..."

ముక్కూ మొహం తెలియని వాడికి తిన్నరా అట! గోవిందమ్మ ఉప్మా ప్లేటును విసురుగా ముందుకు తోసింది. ఈ ఇంట్లో ఆమె తిన్నదో పస్తున్నదో అడిగిన నాథుడు లేడు. కాలనీలో సగం క్వార్టర్లకు తాళాలే. మాట్లాడదామంటే గోడలే దిక్కు. ఉన్న ఒక్క మనిషేమో ఊళ్లోవాళ్లందరికీ చుట్టం, ఇంట్లో మాత్రం మౌనవ్రతం.

వెనక్కి తిరగబోతూ తువ్వాలు మీద చూపు ఆగింది. పెద్ద వాచీల పక్కన బంగారు రంగుది, చిన్నది, ఆడవాళ్లది ఒకటుంది. తనదే. అనూహ్య పుట్టినప్పుడు ఆయన తెచ్చి స్వయంగా చేతికి కట్టిన వాచీ. బీరువాలో ఉండాల్సింది తువ్వాలు మీదకు ఎక్కింది, అదీ అమ్మకానికి.

అడిగితే ఏం పోయేది? కానీ గోవిందమ్మకు రోషం జాస్తి. కొంగు బిగించి తిన్నగా పక్కింటి పుష్ప దగ్గరికి వెళ్లింది.

పుష్ప మిషను కుడుతోంది. కోస్గి నుంచి వచ్చిన ఆమె తమ్ముడు విజేందర్ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"పోయి అడుగక్కా, నా వాచీ ఎందుకు అమ్ముతున్నవని" అంది పుష్ప అంతా విని.

"నేనెందుకు అడుగుత? ఆయనకు నేను గుర్తుకొస్తెనేగా! ఓ విజేందర్, నీ గొంతు ఆయనకు తెల్వది. జర కొనెటోని లెక్క ఫోన్ చెయ్యి. ఎందుకు అమ్ముతున్నడో కనుక్కో."

విజేందర్ మొదట నసిగాడు. ఆమె కళ్లల్లో నీళ్లు చూసి, యాప్‌లో నంబరు వెతికి, స్పీకర్ పెట్టాడు.

"సార్, కోస్గి నుంచి మాట్లాడుతున్న. గా ఆడోళ్ల వాచీ ఉన్నదా?"

"ఉన్నది తమ్మీ. కీ ఇచ్చేది, మంచిగ నడుస్తది. ఎవలికి తీసుకుంటున్నవ్?"

"మా ఇంటామెకు."

అవతల వాచీకి కీ తిప్పిన కిరకిర వినబడింది.

"అయితే ముందుగాల ఆమెనడుగు తమ్మీ. అడగక తీస్కపోకు. నేను గట్లనే మురిసిపోయి తెచ్చిన. ఒక్కనాడు పెట్టుకొని తీసి పడేసింది. నా షోకు ఆమె మీద రుద్దిన్నేమో అనిపించింది. గప్పటిసంది ఆమెకు ఏదన్న తేవాలన్నా భయమే, ఓ మాట అనాలన్నా భయమే."

"మరి గిన్నేండ్లు ఉంచి ఇప్పుడెందుకు అమ్ముతున్నరు?"

"బీరువ తీసినప్పుడల్లా కనబడ్తది. నువ్వద్దు పో అన్నట్టే ఉంటది తమ్మీ."

గోవిందమ్మ ఇక ఆగలేకపోయింది. "అబద్ధం!" అని ఫోన్ మీదకు వంగి అరిచింది. "నచ్చక కాదు! దాంట్ల అంకెలే లేవు!"

ఫోన్ కట్టయింది.

ఆమె వచ్చేసరికి రఘుపతి వరండాలో నిలబడి ఉన్నాడు. మొహం జేవురించింది.

"నా మీదనే నాటకమాడినవా? పక్కింటోళ్ల ముందట నా ఇజ్జత్ తీసినవ్!"

"ఎవనికో చెప్పుకున్నప్పుడు పోలేదా ఇజ్జత్? కోస్గోనికి చెప్పిన ముచ్చట నాకు చెప్పనీకి నోరు రాలేదా?"

"నువ్వు చెప్పినవా మరి? నచ్చకపోతె నచ్చలేదని..."

"నచ్చింది!" అంది గోవిందమ్మ. "పెట్టుకొని బస్సెక్కిన. పక్కనున్నామె టైమెంతక్కా అన్నది. చూస్తె అన్నీ గీతలే. నేను చదువుకున్నదాన్నా? కేలెండర్ చూసి అంకెలు నేర్సుకున్నదాన్ని. అంకెలుంటెనే నాకు తెలుస్తది. బంగారమసొంటి వాచీ పెట్టుకొని టైము చెప్పరాదని బస్సంత నవ్వింది. ఇంటికొచ్చి తీసి దాచిన. చదువుకున్న మొగనికి గిది ఎట్ల చెప్పాలె? సిగ్గయింది."

రఘుపతి గట్టు మీద కూలబడ్డాడు. డయల్ అందంగా ఉందని, నాజూకుగా ఉందని, కొట్లో ఉన్నవన్నీ తిరగేసి ఏరికోరి తెచ్చాడు ఆ వాచీ. ఎవరి చేతికి కడుతున్నాడో మాత్రం ఆలోచించలేదు. వాచీల గురించి ఇంత తెలిసీ ఇంటి మనిషి గురించి ఇంత తెలియకుండా ఎట్లా బతికానా అని ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది.

తువ్వాలు మీంచి ఆ వాచీని చేతిలోకి తీసుకున్నాడు.

"అప్పుడు అడగలే. ఇప్పుడు అడుగుతున్న. ఉంచుకుంటవా, అమ్మాల్నా?"

"ఉంచుకుంట" అంది ఆమె, ముక్కు చీదుతూ.

"అయితే ఇటు రా. పైనున్న గీత పన్నెండు. కిందిది ఆరు. రెండు దినాలల్ల వస్తది నీకు. ఇగ పొద్దుమాపు టైమెంత, టైమెంత అని నన్ను సతాయించే పని ఉండది." తేలిక చేద్దామని నవ్వబోయాడు.

గోవిందమ్మ నవ్వలేదు. చెయ్యి చాపి కట్టించుకుంటూ మెల్లగా అంది.

"తెల్వక అడిగిన్ననుకున్నవా? వంటింట్ల గోడకు అంకెల గడియారం ఉండనే ఉండె. నేనేమడిగినా ఆఁ ఊఁ అంటవ్. టైమెంతంటెనే తలెత్తి, నా మొఖం చూసి జవాబిస్తవ్. గందుకే అడుగుతుంటి."

బెల్టు పెట్టబోతున్న ఆయన చేతులు ఆగిపోయాయి. కళ్లజోడు తీశాడు. తువ్వాలు అంచుతో కళ్లు తుడుచుకుందామని లాగితే వాచీలన్నీ గలగలా కిందికి జారాయి. ఆయన వాటివైపు చూడలేదు. ఆమె మణికట్టు పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తూ అక్కడే కూర్చున్నాడు.