కనుమ దాటని ఆట

ఆళ్ళగడ్డలో పొద్దున ఎనిమిదయింది. జయమ్మ ఉగ్గాని ప్లేటు తెచ్చి కొడుకు పక్కన పెట్టింది. ప్రేమ్ సాగర్ కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పలేదు. అతని భార్య షాలిని జ్వరంతో పోయి ఏడు నెలలు. అప్పటి నుంచి నాలుగేళ్ళ కూతురు జెస్సీ నంద్యాలలో పెద్దమ్మ దెబోరా ఇంట్లోనే పెరుగుతోంది.

"దెబోరా ఫోన్ చేసింది. జెస్సీని రేపు ఆడ బడిలో చేర్పిస్తాదంట. ఇంగ మా దగ్గరే ఉండనీ అంటాంది."

"ఉండనీలేమ్మా."

జయమ్మకు కడుపు మండింది. "కన్నబిడ్డ కంటే ఆ బొమ్మలెక్కువైనాయా? ఏముందిరా దాంట్లో?" అంటూ స్విచ్ మీద చెయ్యి వేసింది.

"ఆపొద్దమ్మా!" అతను ఆ చేతిని అడ్డుకున్నాడు.

అది పెద్దగా ఎవరికీ తెలియని ఆట. అందులో శత్రువుల్లేరు, గెలుపుల్లేవు. మంచు కొండల్లో చిక్కుకున్న మొగుడూ పెళ్ళాం, ఒక చిన్నపాప. రెండు కొండల నడుమ దారి, ఆ కనుమ దాటితేనే బయటపడేది. ఉన్న కాస్త తిండి, మందు ఎవరికివ్వాలో రోజూ తేల్చుకోవాలి.

"ఆమెకు జరమొస్తాదమ్మా. అయినా 'నాకేం కాదు, బిడ్డకు పెట్టు' అంటాది, అచ్చం షాలిని మాదిరే. ముప్పై తూర్లు ఆడినా. ముందే బయల్దేరినా, మందంతా ఆమెకే ఇచ్చినా. ఏం చేసినా కనుమ కాడ పోతాది. ఆడికి రాంగానే మళ్ళీ మొదట్నుంచి పెడ్తా. నేను ఒక్కదినం ముందు షాలినిని నంద్యాల ఆస్పత్రికి పిల్చుకపోయింటే..."

జయమ్మ మంచం మీద కూలబడింది. "నువ్వు కాదు నాయనా, నేను. నువ్వు ఊర్లో లేనప్పుడు షాలిని, ఒళ్ళు కాలిపోతాందత్తా, ఆయనకు ఫోన్ చేస్తా అనింది. నేనే వద్దన్నా. మాత్ర ఏసుకో, రేపు చూద్దామన్నా. నీకు చెప్పేదానికి నోరు రాలే."

ప్రేమ్ సాగర్ లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు. చివరికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"అప్పటికే ముదిరిపోయిందని డాక్టరు చెప్పినాడు కదమ్మా. ఒక్కదినంలో ఏం మారేది కాదు."

తల్లికి చెప్పిన మాట తన చెవికే కొత్తగా వినిపించింది.

"ఆమె పోయినాక ఏమయితాదిరా దాంట్లో?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది జయమ్మ.

"తెలీదు. ఎప్పుడూ సూడలే."

"పెట్టు. నేనూ చూస్తా."

ఈసారీ కనుమ దగ్గర ఆటలోని ఆమె చనిపోయింది. అలవాటుగా ఆటను మళ్ళీ మొదటికి తిప్పబోయిన కొడుకు చేతిని జయమ్మ పట్టుకుంది. కాసేపు తెరంతా మంచే. తర్వాత చిన్నపాప గుడారంలో నుంచి వచ్చి తండ్రి చొక్కా లాగింది. కింద అక్షరాలు పడ్డాయి.

"ఏమంటాందిరా?"

"ఆకలైతాందంట."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నానికి నంద్యాలలో దెబోరా ఇంటి గడప ముందున్నాడు. జెస్సీ రాలేదు, పెద్దమ్మ చీర చాటున దాక్కుంది.

"బిడ్డను పిల్చుకపోతా వదినా."

"మళ్ళీ వదిలేయవు కదా?" దెబోరా కళ్ళు నిండాయి.

అతను తల అడ్డంగా ఊపి నేల మీద కూర్చున్నాడు. చీర చాటు నుంచి సన్నని గొంతు వచ్చింది. "అమ్మ యాడ?"

ఏడు నెలలుగా ఫోన్లో అతను తప్పించుకున్న ప్రశ్న అది.

"అమ్మ లేదు తల్లీ. ఇంగ రాదు."

పాప అతన్నే చూసింది. పెదవి వంచింది. మెల్లగా నడిచి వచ్చి మెడ చుట్టూ చేతులు వేసి, తల్లి కోసం మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. అతను ఊరుకోమనలేదు. తానూ ఏడుస్తూ గట్టిగా పట్టుకున్నాడు.