స్విచ్చి ఆర్పిన ఆదివారం

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దుకున్నది అరవై మూడో ఏట. ఒత్తు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో ఇప్పటికీ తడబడతాను. ఈ కథ రాయడానికి పదకొండు వారాలు పట్టింది. తప్పులుంటే దిద్దుకుని చదవండి, విసుక్కోకండి. ఇందులో అత్తగారు నేనే. 'నేను, నేను' అని రాసుకుంటే నా తప్పులు నాకే ముద్దొస్తాయని, వేరే ఎవరో ఆవిడ గురించి చెప్పినట్టు రాశాను.

ఆ ఆదివారం ఉదయం ఏడింటికి కాస్త ముందు అత్తగారు ముందు గదిలో ఇస్త్రీ బల్ల వేసుకున్నారు. ముప్ఫై ఏళ్ళు ఇస్త్రీ దుకాణం నడిపిన చేయి. దుకాణం మూసేసినా ఆదివారం పొద్దున్నే చేతికి పెట్టె తగలకపోతే ఆవిడకు తోచదు. కొడుకు బస్సు డ్రైవరు. వారానికి ఆరు యూనిఫాం చొక్కాలు, నాలుగు ప్యాంట్లు. ఇవి కాక రెండు దుప్పట్లు.

బల్లకు ఎదురుగా కిటికీ కింద కోడలి గేమ్ మిషను ఉంది. శుక్రవారం రాత్రి పదింటి నుంచి అది ఆగకుండా ఝుమ్మని మోగుతోంది. దాని వేడికి గదంతా ఉక్క. తెర మీద ఒక మనిషి తన గుడిసె ముందు, నెగడు పక్కన నిలబడి ఉన్నాడు. శుక్రవారం నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. వెనకాల తోట మీద తెల్లవారుతోంది, పొద్దుపోతోంది, మళ్ళీ తెల్లవారుతోంది. వాడు మాత్రం కూర్చోడు.

కోడలు గేమ్ టెస్టరు. ఒక కంపెనీ వాళ్ళు తయారుచేసే గేమ్ అంగడికి వెళ్ళకముందే ఆడి, అందులో లోపాలు పట్టి రాసివ్వడం ఆమె ఉద్యోగం. పక్క వాటా ఆవిడ "మీ కోడలు ఏం చేస్తుంది?" అని అడిగినప్పుడల్లా అత్తగారికి తల కొట్టేసినట్టయ్యేది. పోయిన నెలలో ఒక వారమంతా కోడలు ఆ బొమ్మ మనిషిని గోడకేసి గుద్దిస్తూ కూర్చుంది. ఇదేం పనమ్మా అంటే, గోడలో ఎక్కడైనా సందు ఉందేమో చూస్తున్నానంది. ఇది బయటికి ఎలా చెప్పుకోవడం?

ఈసారి సంగతి వేరు. మిషనును ముప్ఫై ఆరు గంటలు వదిలేస్తే గేమ్ బిగుసుకుపోయి, ఆడేవాళ్ళు అంతవరకూ పెంచుకున్న తోట, కట్టుకున్న ఇల్లు అన్నీ తుడిచిపెట్టుకుపోతున్నాయని పోయిన వారం కోడలు కనిపెట్టింది. కంపెనీలో మూడుసార్లు చూశారట, వాళ్ళకు రాలేదు. "నీ మిషనే పాడై ఉంటుంది. లేని లోపాలు రాసేవాళ్ళను కొనసాగించడం కష్టం," అన్నాడు ఆమె పైన ఉండే లీడు. సోమవారం పదింటికి మీటింగు. అక్కడ చూపించాలి. మంగళవారం గేమ్ బయటికి వెళ్ళిపోతుంది. నెలాఖరుకు కోడలి ఆరు నెలల ఒప్పందం అయిపోతుంది.

శనివారం కొడుకు ఫోనులో ఏదో చదివి వినిపించాడు. ఇలాంటి గేములే చేసే ఇంకో కంపెనీ రెండు వందల మందిని ఒక్కరోజులో ఇంటికి పంపిందట. వాళ్ళలో సగం మంది టెస్టర్లేనట.

"నాకు తెలుసు, చదవకు," అంది కోడలు.

ఆదివారం ఆరున్నరకు ఆమె హెల్మెట్ పెట్టుకుంటూ చెప్పింది, "అత్తయ్యా, తెర మీద జరిగేది రికార్డు చేసే పెట్టె ఒకటి ఫ్రెండు దగ్గరుంది, తెచ్చుకుంటాను. పదింటికి బిగుసుకోవాలి. అంతవరకూ దాన్ని ముట్టుకోకండి."

"నాకేం పని దానితో," అన్నారు అత్తగారు.

ఎనిమిదిన్నరకు కోడలు తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. ఝుమ్మనే మోత లేదు. దుప్పట్లు నాలుగు మడతలు పడి బల్ల మీద ఉన్నాయి.

"అత్తయ్యా, ఇది ఎందుకు ఆగిపోయింది?"

"నేనే ఆర్పాను."

"ముట్టుకోవద్దని చెప్పాను కదండీ."

"మిషన్ని నేను ముట్టుకోలేదే. గోడ మీద స్విచ్చి ఆర్పాను."

కోడలు హెల్మెట్ తీయకుండానే నేల మీద కూలబడింది. వేళ్ళు మడిచి లెక్క వేసింది. ఇప్పుడు మొదలుపెడితే రేపు రాత్రి ఎనిమిదిన్నర. మీటింగు పొద్దున పదింటికి.

"ముప్ఫై నాలుగు గంటలు," అంది. "ఇంకో రెండు గంటలు ఓపిక పట్టలేకపోయారా?"

కొడుకు నోట్లో బ్రష్షుతో బయటికొచ్చాడు. "మళ్ళీ ఆన్ చేస్తే అయిపోతుందిగా?"

ఇద్దరూ ఒకేసారి అతని వైపు చూశారు. అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"నేను మీ దుకాణానికొచ్చి, మీరు చేసి పెట్టిన బట్టల మీద బక్కెట్టు నీళ్ళు కుమ్మరిస్తే ఊరుకునేవారా?" అంది కోడలు. ఆమె గొంతు పెరిగింది. "ఈ ఇంట్లో నాది పనే కాదు. ఆయన బస్సు నడిపితే పని. మీరు దుప్పటి మడిస్తే పని. నేను కూర్చుంటే మాత్రం ఆట."

"నా పని పదిమందికీ కనబడేది. మడత పెడితే మడత. ముడత ఉంటే ముడత," అన్నారు అత్తగారు. ఆవిడకూ ఒళ్ళు మండింది. "నీది నాకెప్పుడైనా చూపించావా? చెవులకు ఆ డిప్పలు తగిలించుకుంటావు, పిలిస్తే పలకవు. అన్నం చల్లారిపోయిందంటే 'ఈ లెవెలు అయ్యాక' అంటావు. ఇంట్లో మనిషికంటే ఆ నిలబడ్డవాడే నీకు దగ్గర చుట్టం."

"వాడి వల్ల జీతం వస్తోంది."

"వస్తే రానీ. నా ముందు గదిలో రెండు రోజులు కుంపటి పెట్టడమేనా?"

"అంటే ఉక్కపోస్తోందని ఆర్పారా? నా ఉద్యోగం పోతే పోయింది, మీకు గాలి ఆడాలి, అంతేనా?"

అత్తగారు నోరు తెరిచి, మళ్ళీ మూసేశారు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు లాగి తీగను దాని చుట్టూ బిగించి చుట్టారు.

కొడుకు ముఖం కడుక్కుని వచ్చి, "ఇద్దరూ కాస్త..." అన్నాడు.

"మీరు మాట్లాడకండి," అంది కోడలు.

"నువ్వు డ్యూటీకి పోరా," అన్నారు అత్తగారు.

"ఇవాళ నాకు సెలవమ్మా," అన్నాడతను నీరసంగా.

కోడలు కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తర్వాత ఎవరితోనో అన్నట్టు చెప్పింది. "నాకు పదేళ్ళప్పుడు కాలు విరిగింది. మూడు నెలలు కట్టు. బడి లేదు, స్నేహితులు లేరు. మామయ్య ఒక పాత గేమ్ ఇచ్చాడు. అందులో నేనొక ఊరు కట్టాను. నూట నలభై ఇళ్ళు. ప్రతి వీధికీ పేరు పెట్టాను. ఒకరోజు పొద్దున తెరిస్తే ఏమీ లేదు. ఒట్టి గడ్డి. బొమ్మ ఇళ్ళకు ఎవరైనా ఏడుస్తారా అని మా అమ్మ నవ్వింది. ఎవరో ఒక మనిషి చూడాల్సింది చూడలేదు, అందుకని పోయింది నా ఊరు. ఆ చూసే మనిషిని నేనవుదామనే ఈ ఉద్యోగంలో చేరాను."

ఆ మాట అని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

లోపల ఆమె లీడుకు ఉత్తరం మొదలుపెట్టింది, చూపించలేకపోయాను, నా రిపోర్టు వెనక్కు తీసుకుంటున్నాను అని. రిపోర్టు వెనక్కు తీసుకోవడానికి కూడా ఒక ఫారం ఉంటుందట. టెస్టర్లు ఏం రాసినా అందులోనే రాయాలి. ఏం చేశారు, ఏం జరగాలి, ఏం జరిగింది. మూడు గళ్ళు. మూడో గడిలో ఆమె కోపంగా టైపు కొట్టింది, 'మా అత్తగారు స్విచ్చి ఆర్పారు'.

కొట్టి, ఆగిపోయింది. మొదటి గడి ఖాళీగా ఉంది. ఆర్పకముందు ఏం జరిగింది? రోజుకు ఇరవైసార్లు తనకు తాను వేసుకునే ప్రశ్న. పక్క గదిలో ఉన్న మనిషిని ఒక్కసారీ అడగలేదు.

ఈ సంగతులు తర్వాత ఆమే చెప్పింది.

తలుపు తెరుచుకునేసరికి అత్తగారు మడిచిన చొక్కాలనే విప్పి మళ్ళీ మడుస్తున్నారు.

"అత్తయ్యా, మీరు ఆర్పేముందు తెర మీద ఏం కనబడింది?"

"ఇప్పుడా అడగడం?"

"ఇప్పుడే. ఆలస్యమైంది, ఒప్పుకుంటున్నాను. చెప్పండి."

అత్తగారు చొక్కా పక్కన పెట్టారు. "ఉక్కకు ఆర్పలేదు. శుక్రవారం నుంచి లేని ఉక్క ఇవాళ కొత్తా? ఆ బొమ్మకు ఏదో అయింది. నెగడు ఆరుతోంది, వెలుగుతోంది. వాడు తల ఇటు తిప్పబోయి ఆగి, మళ్ళీ మొదటినుంచి తిప్పుతున్నాడు. కింద మూలన చిన్న చక్రం ఒకటి తిరుగుతూనే ఉంది. మిషను కాలిపోతుందని భయమేసి ఆర్పాను. నీ వస్తువు కాపాడదామనే ఆర్పాను."

"చక్రమా? అది సేవ్ గుర్తు. సేవ్ అయినప్పుడు ఒక్క క్షణం తిరిగి పోవాలి. మీ ముందు ఎంతసేపు తిరిగింది?"

"ఐదు చొక్కాలు, నాలుగు ప్యాంట్లు, రెండు దుప్పట్లు."

"గడియారం లెక్కలో చెప్పండి."

"చొక్కాకు నాలుగు నిమిషాలు, ప్యాంటుకు ఐదు, దుప్పటికి ఎనిమిది. నువ్వే వేసుకో."

కోడలు మిషను ముందు కూర్చుని లెక్క వేసుకుంది. యాభై ఆరు నిమిషాలు. "పోయినసారి బిగుసుకుపోయాకే చూశాను. అంతకుముందు గంటలకొద్దీ ఇలా కొట్టుకుంటుందని నాకు తెలియదు. మొదటి చొక్కా అప్పుడు లేదా ఈ చక్రం?"

"లేదు. మొదటి చొక్కా అవుతుండగా పైన అంకె మారింది. అంకెలు నాకు ఎప్పటినుంచో వచ్చు, రాకపోతే దుకాణం నడవదు. తొంభై తొమ్మిది ఉండేది. నూరు అయింది. వెంటనే చక్రం మొదలైంది."

కోడలు లేచి నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచింది.

"అది రోజుల లెక్క అత్తయ్యా. ఆ గేములో ఒక రోజంటే మనకు ఇరవై నిమిషాలు. ముప్ఫై ఆరు గంటలు కాదు. వందో రోజు. వందో రోజున సేవ్ చేసుకోలేకపోతోంది." ఆమె మళ్ళీ వేళ్ళు మడిచి లెక్క చూసింది. "ఆఫీసులో మెనూ తెరిచి వదిలేసి ఉంటారు. మెనూ తెరిస్తే రోజులు కదలవు. అందుకే వాళ్ళకు రాలేదు."

"అయితే మళ్ళీ రెండు రోజులు పెట్టాలా?"

"అక్కర్లేదు. వాణ్ణి మంచం మీద పడుకోబెడితే రోజు గడిచిపోతుంది."

స్విచ్చి వేశారు. కొత్త ఆట మొదలైంది. కోడలు రికార్డు పెట్టె తగిలించి, కంట్రోలరును అత్తగారి చేతిలో పెట్టింది. "ఈ బటన్ నొక్కితే నిద్రపోతాడు, ఇది నొక్కితే లేస్తాడు. నేను అంకె రాసుకుంటాను."

అత్తగారు నొక్కడం మొదలుపెట్టారు. పడుకున్నాడు, లేచాడు. పడుకున్నాడు, లేచాడు. ముప్ఫైయ్యో రోజు దగ్గర ఆవిడ అన్నారు, "తిండి లేదు, స్నానం లేదు. ఇలా పడుకుంటే ఎవడైనా బిగుసుకుపోతాడు."

గుమ్మంలో నిలబడ్డ కొడుకు నవ్వాడు. ఈసారి అతన్ని ఎవరూ కసరలేదు.

ముప్పావుగంట పట్టింది. తొంభై తొమ్మిది. ఆవిడ బొటనవేలు నొప్పెట్టి ఆగింది. "నొక్కనా?" అని అడిగి నొక్కారు. నూరు. కింద మూలన చక్రం వచ్చింది. తిరిగింది. తిరుగుతూనే ఉంది. నెగడు ఆరింది, వెలిగింది.

కోడలు పెన్ను కింద పెట్టి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

"దొరికిందిగా, ఏడుస్తావేం?" అన్నారు అత్తగారు.

"అడగకుండా అరిచాను. వచ్చీ రాగానే అడిగి ఉంటే..."

"అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడగకపోయినా చెప్పాల్సింది." అత్తగారు కంట్రోలరును ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ మాట్లాడారు. "ఉక్కకు ఆర్పారా అని నువ్వు అన్నప్పుడు నోటిదాకా వచ్చింది. అంత మాట అన్నదానికి నేనెందుకు చెప్పాలి, ఏడవనీ అనుకున్నాను. నీ ఉద్యోగం పోతుందని తెలిసీ పంతం పట్టాను. చొక్కాలు మళ్ళీ మళ్ళీ మడుస్తూ కూర్చున్నాను. నీకంటే పెద్దదాన్ని."

కోడలు దగ్గరికి జరిగి ఆవిడ భుజం మీద తల ఆనించింది. ఆవిడకు ఇలాంటివి అలవాటు లేదు. ఏం చేయాలో తెలియక కోడలి జుట్టు వెనక్కు సర్దారు, కాలరు సర్దినట్టు.

ఆ మధ్యాహ్నం ఇంకో రెండుసార్లు చేసి చూశారు. రెండుసార్లూ వందో రోజే.

సోమవారం పదకొండున్నరకు ఫోను మోగింది.

"అత్తయ్యా, చూపించాను. గేమ్ మూడు వారాలు ఆపేశారు. సరిచేశాకే వదులుతారట. లీడు తలకాయ ఊపాడు, సారీ మాత్రం చెప్పలేదు."

"వాడి మొహం. నీ ఉద్యోగం?"

"ఇంకో ఏడాది రాసిచ్చారు. వందో రోజని ఎలా పట్టావని అందరూ అడిగారు. మా అత్తగారు ఇస్త్రీ చేస్తూ చూశారని చెప్పాను. నవ్వారు. నేను నవ్వలేదు. చొక్కాల లెక్కతో సహా రిపోర్టులో రాశాను."

అత్తగారు ఫోను రెండో చెవికి మార్చుకున్నారు. అప్పుడు అడిగారు, "అయితే రేపు ఏ పిల్లో, ఎక్కడో, వంద రోజులు తోట పెంచుకుందనుకో. ఆ పిల్ల తోట?"

"ఉంటుందత్తయ్యా. పోదు."

"సరే," అన్నారు అత్తగారు. ఫోను పెట్టేశాక కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

— ఇట్లు, ఇస్త్రీ అత్తయ్య, వయసు అరవై ఏడు. ప్రస్తుతం కొడుకూ కోడలి దగ్గర, రెండో అంతస్తులో, ఉక్కపోసే ముందు గదిలో ఉంటున్నాను.