లెక్కలో లేని లోడు

అతని దగ్గర అరవై రెండు వేలున్నాయి. ఫోన్ కవర్లు, ఛార్జర్లు అమ్మే బడ్డీ కొట్టు మీద పైసా పైసా కూడబెట్టినవి. పక్కనే ఇంకో కౌంటర్ వేసి ఫోన్ల రిపేరు కూడా మొదలెట్టాలని అతని ఆశ. ఆ ఆశ ఒక్క సాయంత్రంతో పక్కకి జరిగింది. కరెంటు పోయి, పిన్నికి ఊపిరి అందించే ఆక్సిజన్ మిషన్ ఆగిపోయి, ఆవిడ పెదవులు వంకాయ రంగుకి తిరిగిన సాయంత్రం అది. మంచం కింద ఉన్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ ఆ రోజుకి గట్టెక్కించింది. కరెంటు వచ్చేసరికి అదీ ఖాళీ.

తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది పిన్నే. సిటీ బస్సులో కండక్టరు. ఇంజను మోతని మించి అరిచిన ఆ గొంతు ఇప్పుడు ముక్కుకి పెట్టిన గొట్టాల వెనక గుసగుసగా మిగిలింది. గొంతు తగ్గింది గానీ నోరు తగ్గలేదు.

"జనరేటరా? నీ పెళ్లికి పెట్టాల్సింది నా ముక్కుకి పెడతావట్రా, లెక్కలోడా?"

"పెళ్లికి అద్దెకి తెస్తాలే పిన్నీ. నీకైతే సొంతం."

"అబ్బో, పెద్ద మనసే."

లెక్కలోడు అని ఆవిడే పేరు పెట్టింది. చిన్నప్పుడు బస్సులో ఆవిడ పక్కన నిలబడి, చిల్లర ఎంత ఇవ్వాలో ఆవిడకంటే ముందు చెప్పేవాడు. ఇప్పుడూ అంతే. జనరేటర్ల షాపుకి వెళ్లేముందే ఆక్సిజన్ మిషన్ వెనకున్న చీటీ చదివాడు. మూడు వందల యాభై వాట్లు. ఫ్యాను యాభై. మొత్తం నాలుగు వందలు. వెలుతురికి ఛార్జింగ్ లైటు ఉంది, ఫ్రిజ్ సంగతి తర్వాత.

షాపాయన కొత్త మిషన్లు రెండు చూపించాడు. ఒకటి పెట్రోలుతో మాత్రమే నడిచేది. ధర అందుబాటులోనే ఉంది. కానీ ఊళ్లో కరెంటు పోతే బంకుల్లో పంపులు కూడా ఆగుతాయి, అప్పుడు పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది? రెండోది పెట్రోలుకీ గ్యాసుకీ నడిచేది. ధర వినగానే అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఆ మూలన ఉన్నదేంటన్నా?"

షాపాయన దాని మీది పట్టా లాగాడు. నీలం రంగు మిషన్. సూట్‌కేసులా పైన పిడి, కింద రెండు చక్రాలు, ముందు వాట్లు చూపించే చిన్న తెర. పాతదే గానీ ఒంటి మీద గీత లేదు.

"పెట్రోలు, వంట గ్యాసు, పైపులో వచ్చే గ్యాసు... మూడింటికీ నడుస్తుంది తమ్ముడూ. మా బావమరిది టైపు. ఏది పోసినా కాదనదు. పెట్రోలు మీద పద్దెనిమిది వందల వాట్లు మోస్తుంది. గ్యాసు మీద కాస్త తగ్గి పదహారు వందలు."

"బాగానే ఉంటే ఎందుకు వెనక్కిచ్చారు?"

షాపాయన గుడ్డతో తెర తుడిచాడు. "లోడు ఎక్కువ చూపిస్తోందట. ఇంట్లో ఏమేం తగిలించారో వాళ్లకే తెలీదు. లెక్క రానివాళ్లతో ఇదే గోల."

"నాకొచ్చులే," అన్నాడు అతను. ధర మీద ఇంకో నాలుగు వేలు తగ్గించి మరీ కొన్నాడు.

ఇంటి వెనక రేకుల కింద పెట్టాడు దాన్ని. పొగ ఇంట్లోకి వస్తే నిద్రలోనే ప్రాణం పోతుందని చదివాడు గనక, గోడకి దూరంగా, పొగగొట్టం బయటి వైపు తిప్పి మరీ పెట్టాడు. వంటింట్లోని గ్యాసు సిలిండర్ తెచ్చి దానికి గొట్టం బిగించాడు. పొడుగాటి వైరు ఒకటి దాన్నించి వెనక తలుపు కిందుగా పిన్ని గదిలోకి లాగాడు. ఇంటి వైరింగుతో దానికి సంబంధం లేదు. తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కాడు. గది కిటికీ అద్దంలోంచి చూస్తే తెర మీది ఎర్ర అంకెలు కనిపిస్తాయి. చిన్న ఆక్సిజన్ సిలిండర్ నింపించాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఇంత మిషన్ ఉండగా దాంతో పనేముందిలే అని వదిలేశాడు.

అనుకున్నంత పనీ అయింది. ఆ వారమే గాలీ వానా కలిసి వచ్చాయి. దీపాలు పెట్టేవేళకి వీధి మొత్తం ఒక్కసారిగా ఆరిపోయింది.

అతను పరుగెత్తాడు. సీసాలో ఉన్న కాస్త పెట్రోలూ ట్యాంకులో పోసి అత్యవసరానికి ఉంచాడు కాబట్టి, గ్యాసు మీదే మొదలెట్టాడు. తాడు ఒక్క లాగుడికి ఇంజను అందుకుంది. పిన్ని పక్కనున్న మిషన్ పచ్చదీపం వెలిగి, 'ఫుస్... ఫుస్...' మంటూ ఊపిరి తీసుకుంది. అద్దంలోంచి చూశాడు. నాలుగు వందలు. లెక్క లెక్కలా ఉంది.

"చూశావా?" అన్నాడు.

"చూశాన్లే. ఇంక పడుకోనీ," అంది పిన్ని. ఆవిడ ముఖంలో మాత్రం ఎన్నాళ్లకో కాస్త నిశ్చింత కనిపించింది.

వాన రేకుల మీద కొడుతోంది. తడి మట్టి వాసన, వేడెక్కిన ఇనుము వాసన, ఛార్జింగ్ లైటు తెల్లని వెలుతురు. కుర్చీలో కూర్చుని రెండో కౌంటర్ గురించి ఆలోచించుకుంటూ, యథాలాపంగా కిటికీ అద్దంలోంచి తెర వైపు చూశాడు.

ఏడు వందల యాభై.

ఫ్యానేమన్నా పట్టేసిందా? ప్లగ్గు పీకేశాడు. ఏడు వందలు. వైరు పొడుగునా టార్చి వేసి వెతికాడు. ఎక్కడా అతుకు లేదు, ఇంకో తీగ లేదు. వైరు చివర పిన్ని మిషన్ ఒక్కటే ఉంది. మూడు వందల యాభై ఉండాలి. దానికి సరిగ్గా రెట్టింపు ఉంది.

తెర పాడైందేమో. అందుకేగా వెనక్కిచ్చారు. అలా అనుకుంటే ధైర్యం వచ్చింది. మళ్లీ కూర్చున్నాడు.

'ఫుస్...' మంది మిషన్.

కాసేపాగి, గదిలో ఇంకో మూల నుంచి... 'ఫుస్...'

అతను తల తిప్పాడు. ఆ మూలలో బట్టల స్టాండు తప్ప ఏమీ లేదు. చెవి పెట్టి విన్నాడు. పిన్ని మిషన్ ఒకటి. దాని వెనకాలే, అర క్షణం ఆలస్యంగా, ఇంకొకటి. చాలా దగ్గరగా.

పొగ లోపలికి వచ్చి బుర్ర తిరుగుతోందా? వీధివైపు కిటికీ తీశాడు. చల్లగాలి ముఖానికి కొట్టింది. తలనొప్పి లేదు, మత్తు లేదు. తొమ్మిదో ఎక్కం వెనక నుంచి చెప్పుకున్నాడు. ఒక్కటీ తప్పలేదు.

తిరిగి చూసేసరికి అంకె వెయ్యీ యాభై.

గదిలో వాసన మారింది. తడి మట్టి కాదు, ఇనుము కాదు. వానలో కిటికీలన్నీ మూసేసిన బస్సులో ఉండే వాసన. తడిసిన బట్టలు, చెమట, చాలామంది పీల్చి వదిలిన గాలి.

నిద్రలో పిన్ని పెదవులు కదిలాయి.

"ముందుకి జరగండి..."

"పిన్నీ?"

"జరగండమ్మా... వెనకవాళ్లు ఎక్కాలి..."

కలవరింత. కండక్టరు కదా, కలలో కూడా డ్యూటీయే. నవ్వుకుందామనుకున్నాడు. నవ్వు రాలేదు. ఎందుకంటే ఆవిడ అలా అన్న తర్వాత... గదిలో ఏదో సర్దుకుంది. నేల మీద పాదాలు ఈడ్చినట్టు మెత్తటి చప్పుడు. తలుపు వైపు నుంచి మంచం వైపుకి.

పద్నాలుగు వందలు.

ఇప్పుడు నాలుగు ఊపిరులు. ఒకదాని వెనక ఒకటి. అతనికి వద్దన్నా లెక్క వచ్చేస్తోంది. ఒక్కొక్కరికి మూడు వందల యాభై. గ్యాసు మీద ఇది మోసేది పదహారు వందలు. ఇంకొక్కరు ఎక్కితే...

"పిన్నీ, లే. పిన్నీ..."

ఆవిడ కళ్లు తెరిచింది. అతన్ని చూడలేదు. అతని భుజం పక్కకి చూసింది. ఆ పక్కకి, ఇంకా పక్కకి.

"వీళ్లకి టికెట్లు కొట్టావా?" గుసగుసగా అడిగింది.

"ఎవరికి?"

"నిలబడ్డవాళ్లకి..."

బయట ఇంజను ఒక్కసారి మూలిగింది. తెర మీద ఎర్రదీపం టపటపా కొట్టుకుంది. ఇంజను తిరుగుతూనే ఉంది గానీ, కరెంటు తెగిపోయింది. పచ్చదీపం ఆరింది. మిషన్ 'పీ...' మని ఒకటే కూత.

ఊపిరులన్నీ ఆగాయి. పిన్నిదీ ఆగింది. ఆవిడ నోరు తెరుచుకుంది. వేళ్లు దుప్పటిని పట్టుకున్నాయి. అంతే, చప్పుడు లేదు.

అతను తలుపు వైపు దూకాడు. దూకబోయాడు. గది ఖాళీగా ఉంది, కళ్ల ముందు ఖాళీగానే ఉంది. అయినా అతని ఒళ్లు దానంతటదే పక్కకి తిరిగింది. భుజాలు ముడుచుకుని, కిక్కిరిసిన బస్సులో దిగేవాడిలా, మధ్యలోంచి దూరుకుంటూ నడిచాడు. మోచేతికి ఏదో తడిగా తగిలింది. చెవి దగ్గర ఎవరో... వదల్లేక వదల్లేక ఊపిరి వదిలారు.

వాన. చీకటి. గ్యాసు నాబ్ కట్టేశాడు. ఇంజను ఆగింది. పెట్రోలు వైపు తిప్పాడు. తాడు లాగాడు. దగ్గింది. లాగాడు. దగ్గింది. "ప్లీజ్..." అన్నాడు, ఎవరితోనో. లాగాడు.

అందుకుంది.

పదిహేడు వందల యాభై. పెట్రోలు మీద పద్దెనిమిది వందలు మోస్తుంది. నిలబడింది.

లోపల ఐదు ఊపిరులు మొదలయ్యాయి. వాటిలో ఒకటి పిన్నిది. అది చాలు. మిగతావి ఎవరివైనా సరే, పిన్నిది ఒకటి ఉంది. గోడకి జారగిలబడి, వానలో తడుస్తూ అలాగే ఉండిపోయాడు.

ఎంతసేపయిందో, వీధి దీపాలు వెలిగాయి. కరెంటు వచ్చింది.

పరుగున లోపలికి వెళ్లాడు. మిషన్ ప్లగ్గు వైరులోంచి పీకి గోడకి తగిలించాడు. పచ్చదీపం. 'ఫుస్...' ట్యూబులైటు వెలుతురులో గది మామూలుగా ఉంది. మంచం, కుర్చీ, బట్టల స్టాండు. పిన్ని కళ్లు మూసుకుంది. ఛాతీ లేస్తోంది, పడుతోంది.

బయటికొచ్చి, జనరేటరు నుంచి వైరు కూడా ఊడపీకాడు. ఇప్పుడు దానికి ఏదీ తగిలించి లేదు. వైరు కొస చేతిలో పట్టుకుని తెర చూశాడు.

పదిహేడు వందల యాభై.

ఒక్క వాటు కూడా తగ్గలేదు. పిన్నిది తీసేశాడు కదా. మూడు వందల యాభై తగ్గాలి కదా.

స్విచ్ మీద చెయ్యి వేసి, ఆపడానికి నెమ్మదిగా తిప్పాడు. ఇంజను కుంగింది. అద్దంలోంచి పిన్ని కనిపిస్తోంది. గోడ కరెంటు మీద మిషన్ పచ్చగా వెలుగుతోంది, ఫుస్ ఫుస్ మంటోంది. అయినా ఆవిడ ఛాతీ... ఇంజనుతో పాటే కుంగింది. పైకి లేవలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి.

చటుక్కున స్విచ్ వెనక్కి తిప్పాడు. ఇంజను లేచింది. ఛాతీ లేచింది.

ట్యాంకు మూత తీసి టార్చి వేశాడు. అడుగున వేలెడు పెట్రోలు కూడా లేదు. సిలిండర్లో గ్యాసు బోలెడుంది. కానీ గ్యాసు మీద మోసేది నలుగురినే. ఐదుగురున్నారు. ఒక్కరు తగ్గితే చాలు, తెల్లారేదాకా నడుస్తుంది. తెల్లారితే డాక్టరుంటాడు, షాపాయనుంటాడు, ఏదో ఒకటి చెయ్యొచ్చు. ఒక్కరు తగ్గితే చాలు...

పైకి అనలేదు. మనసులోనే అనుకున్నాడు.

ఎర్ర అంకెలు వణికాయి.

పద్నాలుగు వందలు.

ఇంజను మోత తేలికపడింది. ఉలిక్కిపడి కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాడు. లోపలి నుంచి ఎవరో ఊదినట్టు అద్దమంతా ఆవిరి పట్టింది. మంచం కనిపించడం లేదు. మిషన్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఆ చప్పుడు కింద మనుషుల ఊపిరి ఉందో లేదో వానలో తెలియడం లేదు.

వెనక తలుపు జానెడు తెరుచుకుని ఉంది. అతను వేసే వచ్చాడు. సందులో కుక్కిన తడిగుడ్డ గుమ్మం మీద పరుచుకుని ఉంది. దాని మీద ఒక పాదం ముద్ర. బయటికి వస్తున్న పాదం. చెప్పుల్లేని పాదం.

పిన్ని అని పిలవబోయాడు. ముద్ర వైపే చూస్తున్నాడు. ఇన్ని లెక్కలు తెలిసినవాడికి, పిన్ని పాదం ఎంతుంటుందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

చేతిలోని వైరు కింద పెట్టాడు. ఆ ముద్ర తొక్కకుండా గుమ్మం దాటడానికి కాలెత్తాడు.