ఎర్రవాగు నీళ్ళ పరీక్ష

రంగత్ బజారుకు ఆరు మైళ్ళ అవతల, అడవి కొట్టి వేసిన పదహారిళ్ళ కాలనీకి నెహెమ్యా చేరేసరికి పొద్దున తొమ్మిదయింది. మార్చి నెల. కాలనీకంతటికీ ఉన్న ఒక్క బావి అప్పటికే ఉప్పు తిరిగిపోయింది. కూరలో ఉప్పు వేయక్కరలేదని ఆడవాళ్ళు నవ్వుతూనే చెప్పుకునేవారు గానీ ఆ నవ్వులో పస లేదు.

నెహెమ్యాది పోర్ట్‌బ్లెయిర్‌లో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం. కాకినాడ నుంచి దీవులకు వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. చేతిలో చెక్కపెట్టె, అందులో గాజు సీసాలు, రంగు మారే కాగితాలు, చిన్న యాసిడ్ బుడ్డి. వచ్చింది ఉద్యోగం పనిమీదే అయినా అతని ప్రాణమంతా చెల్లెలి ఇంట్లో ఉంది. పుష్పవతి మొగుడు కలప కొట్టే పనికి అడవిలోకి పోయి పదిహేను రోజులైంది. మూడు నెలల పసిపిల్ల. అమ్మడని పిలుచుకుంటున్నారు. తల్లికి పాలు ఎండిపోతే డబ్బాపాల మీద బతుకుతోంది. ఆ పాలు కలిపేది ఉప్పునీళ్ళతోనే. పిల్లకు వారం రోజులుగా విరేచనాలు ఆగడం లేదు. చర్మం వేలాడిపోయి, మాడు గుంట పడి, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పడివున్న ఆ పిల్లను చూడగానే నెహెమ్యా గుండె చెరువైపోయింది.

"అన్నయ్యా, ఎర్రవాగు నీళ్ళు తాగొచ్చని నువ్వొక్క మాట చెప్పు. అందరూ నీ మాటకోసమే కాసుక్కూచున్నారు. ఇంకో రెండు రోజులు ఈ ఉప్పునీళ్ళే అయితే నా పిల్ల నాకు దక్కదు" అంది పుష్పవతి.

ఎర్రవాగు అడవిలో కొండ అడుగున పుట్టి, కాలనీ వెనకగా పారి సముద్రం వైపు పోతుంది. ఎంత ఎండాకాలమైనా ఎండదు. ఉప్పు లేదు. కానీ నీళ్ళు ఎర్రగా ఉంటాయి. చూస్తేనే వెగటు పుట్టి ఇంతకాలం ఎవరూ దాని జోలికి పోలేదు. ఇప్పుడు గత్యంతరం లేక ఇద్దరు మగవాళ్ళు రెండు బిందెలు నింపుకొచ్చి ప్రార్థన పాక ముందు పెట్టారు.

నెహెమ్యా వంగి చూశాడు. పైన నూనె తెట్టులాంటి పొర, అడుగున ఎర్రటి మడ్డి. చెయ్యి ముక్కు దాకా పోయింది. కానీ నలుగురి ముందు ఉద్యోగస్థుడు ముక్కు మూసుకుంటే ఏం బాగుంటుంది? ఆ కొండల్లో ఇనుపరాయి ఉందని అతను చదివాడు. వాననీరు రాతిలోకి దిగి ఇనుమును కరిగించుకుంటుంది. బయటికి వచ్చి గాలి తగలగానే ఆ ఇనుమే తుప్పై అడుగుకు దిగుతుంది. ఇందులో వింతేముంది? వేలితో ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నాడు. పైసా బిళ్ళ చప్పరించినట్టుంది. పక్కకు ఉమ్మేశాడు.

అప్పుడొచ్చింది కాళమ్మ, జనాన్ని తోసుకుంటూ. దీవుల్లోనే పుట్టి ముసలిదైన మనిషి. కాలనీ పుట్టకముందు నుంచీ అడవి అంచున ఒంటిగా గుడిసె వేసుకుని ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి అరుస్తూనే ఉంటుందని కాలనీవాళ్ళు ఆమె మాట పట్టించుకోవడం మానేశారు. నోట్లో ఒక్క పన్ను లేదు. మాటలో సగం తెలుగు, సగం హిందీ.

"మత్ పీయో బాబూ! తాగొద్దు. ఉస్ పానీ మే లహూ హై. లహూ!"

నెహెమ్యా నవ్వాడు. అతనికి వచ్చిన హిందీ అంతా ఆఫీసు హిందీయే. పానీ, కాగజ్, లోహా... అంతవరకే. పళ్ళు లేని నోట్లో పడి పాపం ఇనుమనే 'లోహా' కాస్తా 'లహూ' అయిందనుకున్నాడు.

"అవునమ్మా, ఉంది. నాకూ తెలుసు. ఉంటే భయం దేనికి? అది ఒంటికి బలం. కాచి వడకట్టుకుంటే పసిపిల్లలకైనా పట్టొచ్చు."

"బలమా?" ముసలిది అతని మొహంలోకి చూసింది. కుళ్ళిన చేపను చూసినట్టు చూసింది. "తెలిసే చెబుతున్నావా బేటా?"

"తెలిసే చెబుతున్నాను."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఏడాది ఉద్యోగానికే అంత ధీమా మనవాడికి. పరీక్ష ముందు, మాట తరవాత అని ఆఫీసులో నేర్పిన పద్ధతిని చెల్లెలి మొహం చూసి తిరగేశాడు. ఆడవాళ్ళు అక్కడికక్కడే బిందెల్లోంచి చెంబులతో ముంచుకుపోయారు. కాళమ్మ మాత్రం కదలకుండా నిలబడి, "నాతో రా. అది పుట్టే చోటు చూపిస్తా" అంది. ఎలాగూ ఊట దగ్గర నీళ్ళు పట్టి రాయాల్సిందే కాబట్టి మధ్యాహ్నం భోంచేసి, దొడ్లోంచి నాలుగు జామాకులు కోసుకుని బయల్దేరాడు. ఇనుమున్న నీళ్ళలో జామాకు నలిపితే నీళ్ళు సిరాలా నల్లబడతాయి. అది అతని మేనమామ నేర్పిన పరీక్ష. కాగితాలు మోసం చేసినా జామాకు చెయ్యదంటాడు.

అడవిలోకి మైలు దూరం నడిచారు. దీవుల్లో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది. ఆ చెట్ల కింద నాలుగింటికే మసక పడింది. ముందు వాసన తగిలింది. తడి నేల వాసన కాదు, ఆకులు కుళ్ళిన వాసనా కాదు. మాంసం కొట్టు కడిగిన నీళ్ళు ఎండకు నిలవుంటే వచ్చే నీచు. నెహెమ్యా రుమాలు మూతికి కట్టుకున్నాడు. కట్టుకున్నా అది గొంతులోకి దిగుతూనే ఉంది.

వాగులో రాళ్ళనిండా ఎర్రటి జిగురు. తుప్పయితే గోటితో గీరగానే పొడి రాలాలి. ఇది రాల్లేదు. వేలికి అంటుకుని దారంలా సాగింది. విదిలిస్తే పోలేదు. లాగుకు రాసుకున్నాడు, అక్కడా అంటుకుంది. ఛీ... ఆ వేలును తన వేలనుకోవడానికే అతనికి అసహ్యం వేసింది.

రాళ్ళ అంచుల వెంట జలగలు. పదీ ఇరవై కాదు, వందలు. ఆ అడవిలో మనిషి అడుగు పడితే చాలు జలగలు ఎగబాకుతాయి. వీటిలో ఒక్కటీ అతని కాళ్ళ వైపు తిరగలేదు. అన్నీ తలలు నీళ్ళలో ముంచి, బొటనవేలంత లావుగా ఉబ్బి పడున్నాయి.

"ఇవేం తిని ఇంత బలిశాయి?" అన్నాడు గుసగుసగా.

కాళమ్మ ముందుకు నడిచింది.

కొండ అడుగున నల్లరాతిలో జానెడు చీలిక. దానిలోంచి ఎర్రనీళ్ళు తొణక్కుండా బయటికి వస్తున్నాయి. నెహెమ్యా సీసా నింపాడు. గాజు వెచ్చగా తగిలింది. జామాకు నలిపి వేశాడు. నల్లబడలేదు. ఇంకో ఆకు. లేదు... ఆకు పచ్చగానే తేలుతోంది. యాసిడ్ బుడ్డి తెరిచి నాలుగు చుక్కలు వేశాడు. తుప్పయితే కరగాలి. నీళ్ళు తేరుకోవాలి.

కరగలేదు. విరిగింది.

పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా గడ్డ కట్టింది. మేకను కోసిన రోజు వాళ్ళమ్మ దాని మెడ కింద మట్టిచట్టి పెట్టి పట్టి, గడ్డ కట్టాక వండే నల్లలాగ... అదే రంగు. అదే ఒణుకు.

"ఇనుము కాదు..."

"ఇనుమని ఎవరన్నారు?"

"నువ్వే అన్నావుగా. లోహా అని."

"లోహా నహీ బేటా." ముసలిది అతని చెవి దగ్గరికి వచ్చింది. "లహూ. మీ తెలుగులో నెత్తురంటారు."

నెత్తుట్లోనూ ఇనుమే ఉంటుంది. కానీ అది జామాకుకు దొరకదు. ఈ సంగతి తట్టాక అతనికి నాలుక మీది పైసా బిళ్ళ రుచి గుర్తొచ్చింది. అక్కడే కూలబడి పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నాడు. చొక్కా అంచుతో నాలుకను గీకాడు.

"ఎవరిది...?" అన్నాడు.

"ఎవరికెరుక? నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నా, వస్తూనే ఉంది. వద్దంటే విన్నావు కాదు. బలమన్నావు."

పెట్టె అక్కడే వదిలేసి పరుగెత్తాడు.

చెల్లెలి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. గుమ్మంలోనే వేపుడు వాసన. పుష్పవతి నవ్వుతూ ఎదురొచ్చింది.

"చూడన్నయ్యా అమ్మడిని! కాచిన నీళ్ళతో రెండు సీసాల పాలు తాగింది. విరేచనాలు కట్టేశాయి. ఎలా రంగు తేలిందో చూడు."

పిల్ల ఉయ్యాల్లో కాళ్ళాడిస్తోంది. బుగ్గలు ఎర్రగా నిండాయి.

"ఆ వాసనేంటి పుష్పా?"

"వడకట్టిన గుడ్డలో ముద్ద మిగిలిందిలే. బలమన్నావుగా, పారెయ్యబుద్ధి కాలేదు. ఉల్లిపాయ, కారం వేసి వేపాను." ఆమె పళ్ళ సందుల్లో గోధుమరంగు తునకలున్నాయి. "నాలుగిళ్ళకూ ఇచ్చాను. అందరూ మెచ్చుకున్నారు."

ఇంక ఆగలేకపోయాడు. వంటింట్లోకి దూసుకుపోయి మూలనున్న ఎర్రనీళ్ళ బిందె రెండు చేతులా ఎత్తి దొడ్లో బోర్లించాడు. నీళ్ళు నేలమీద పారలేదు. మట్టి వాటిని ఒక్క గుక్కలో పీల్చేసింది.

ఉయ్యాల్లో కాళ్ళ చప్పుడు ఆగింది.

"అన్నయ్యా..."

పరుగున వెళ్ళి చూశాడు. పిల్ల బుగ్గల ఎరుపు దిగిపోతోంది. పెదాలు సున్నం రంగు. చెయ్యి ముట్టుకుంటే చల్లగా... ఊపిరి ఉంది. సన్నగా ఉంది.

"ఏం చేశావు! ఏం పారబోశావు? నా పిల్లకి ఏం చేశావన్నయ్యా?" పుష్పవతి అతని చొక్కా పట్టుకుని కుదిపేసింది. ఆమె చేతులూ చల్లబడుతున్నాయి. ఆమె అది గమనించలేదు.

ఏది ఎందుకు జరుగుతోందో నెహెమ్యాకు తెలియదు. ఆలోచించే వ్యవధీ లేదు. ఖాళీ బిందె చంకన పెట్టి, టార్చిలైటు తీసుకుని మళ్ళీ అడవిలోకి పరుగెత్తాడు. దేన్ని చూసి పేగులు తెగేలా కక్కుకున్నాడో దానికోసమే ప్రార్థన చేస్తూ పోయాడు. ఒక్క బిందె, ప్రభువా. ఒక్క బిందెడు. రాళ్ళ మీద పడ్డాడు, ఆ జిగట మొహానికంతా పులుముకుంది. తుడుచుకోలేదు.

కాళమ్మ ఊట పక్కనే గొంతుక్కూచుని ఉంది. అతన్ని చూడలేదు. చీలిక వైపే చూస్తోంది.

అతను మోకాళ్ళ మీద కూలబడి బిందె మూతిని చీలికకు ఆనించాడు. చప్పుడు కాలేదు. ఇంకాస్త నొక్కి పట్టాడు. బిందె బరువెక్కలేదు.

"ఆగిపోయిందా?" అన్నాడు.

"ఇధర్ దేఖో" అంది ముసలిది మెల్లగా, వాగు వైపు వేలు చూపించి.

టార్చి తిప్పాడు. వాగు ఆగలేదు. పారుతూనే ఉంది. ఎప్పటికంటే చిక్కగా, ఎప్పటికంటే ఎర్రగా, కాలనీ వైపు నుంచి ఎగువకు పారి వచ్చి, అతని మోకాళ్ళను తడుపుకుంటూ, రాతి చీలికలోకి పోతోంది.