ఎడ్డిది మూడు

“సిలిండరట! పోయే ముందు తల్లికి ఫోన్ జేసి గ్యాస్ సిలిండర్ ముచ్చట వెట్టిండట. గదేం సావో!”

సిరిసిల్లలో, రవీందర్ పోయిన ఐదో రోజున, పక్కింటి మొగిలవ్వ చుట్టాలతో అంటున్న మాట గుమ్మంలో సీక్రెట్ ఏజెంట్ శ్యాంసుందర్ చెవిన పడింది. అతని భుజం మీద నిజంగానే సిలిండర్ ఉంది. వేషం గ్యాస్ డెలివరీ. ఇరవై ఏళ్ల ఉద్యోగమంతా గ్యాస్ కొట్టడమే గనక అతికినట్టు సరిపోయింది. కన్నీళ్లకే ఏ వేషమూ సరిపోవడం లేదు. రవీందర్‌కు పని నేర్పింది తనే. పేపర్లు యాక్సిడెంట్ అన్నాయి, డిపార్ట్‌మెంట్ హత్య అంది.

పొద్దున జగిత్యాలలో చీఫ్ బ్రీఫింగ్ రెండే నిమిషాలు.

“నీలిగద్ద ముఠా వైరస్ మధ్యాహ్నం పన్నెండుకు నిద్ర లేస్తుంది. కరెంటు పోతుంది. వెంటిలేటర్ల మీదున్నవాళ్లూ పోతారు. ఆపే కోడ్ రవీందర్ హార్డ్ డిస్కులో ఉంది.”

“డిస్కు?”

“దొరికింది. ఫైళ్ల జాబితా చెరిపేశారు. అడ్రసు పోయింది, సరుకు ఉంది. పోయే ముందు రవీందర్ ఫోన్ చేసింది తల్లికే.”

డిస్కు లోపల ఒకదానిపై ఒకటి పళ్లేలు తిరుగుతాయి. పళ్లెం మీది వలయాలు ట్రాకులు. అన్ని పళ్లేల్లోనూ ఒకే వరసనున్న వలయాల దొంతర సిలిండర్. పళ్లెం ఒక్కో ముఖాన్ని చదివేది ఒక్కో హెడ్. వలయంలో ముక్క సెక్టార్. మూడంకెలూ కలిస్తేనే చిరునామా. కొత్త డిస్కులు ఒకే వరుస నంబరుతో సరిపెట్టుకుంటాయి. రవీందర్ కావాలనే పాతది ఎంచుకున్నాడు. ఆ పాతది ఇప్పుడు కొనప్రాణంతో ఉంది. ఒక్కసారి చదవగలదు. వెతికితే చస్తుంది.

కోరుట్లలో ఒక రిపేరు షాపు వెనక గదిలో దాని ముందు పూజ కూర్చుంది. మనకీ ముఠాకీ పనిచేసిన డబుల్ ఏజెంట్, చూపుతోనే తాళాలు తీసే అందగత్తె. రవీందర్ పోయాక ఆమెలో డబుల్ పోయి ట్రబుల్ మిగిలింది.

పదకొండు యాభై ఆరు. రవీందర్ తల్లి నర్సవ్వ, సిరిసిల్ల ఇంట్లో ఐదు రోజులుగా ఆగిన సాంచె మగ్గం పక్కన కూలబడి ఉంది.

“అవ్వా, నేను గ్యాసోన్ని గాదు. రవీందర్‌తోని పనిచేసినోన్ని. గా రోజు ఫోన్ల ఏమన్నడో మాట మాట చెప్పు.”

“సిలిండర్‌ది నలభై అన్నడు. ఆఖరికి ఏందో తొమ్మిది.”

“నడుమ?”

నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నడుమ ఏం లేదు.”

చెవిలో పూజ గొంతు: “సర్, హెడ్ నంబరు? ఆరున్నాయి. తప్పు కొడితే అంతే.”

“అవ్వా, పాణాలు పోతయ్.”

“పోయింది గద కొడుకా. ఇంకెవలయి?”

“ఎవలో తల్లుల కొడుకులయి.”

నర్సవ్వ చుట్టాల వైపు చూసి గొంతు తగ్గించింది. “నన్ను తిట్టిండు. ఎడ్డిదన్నడు. ఎడ్డిది మూడు అన్నడు. ఒక్కపాలి గాదు, మూడుపాల్ల తెలివిలేనిదాన్నట. గీ మాట నలుగుట్ల ఎట్ల జెప్పాలె?”

శ్యాంసుందర్ హెడ్డు తిరిగింది.

“పూజా! ఎడ్డిది కాదు, హెడ్‌ది! హెడ్ మూడు!”

కీబోర్డు చప్పుడు. డిస్కు గొంతులో గరగర. ఆపైన ఏమీ లేదు. పన్నెండుకు తొమ్మిది సెకన్లుండగా పూజ ఏడుస్తూ అంది: “చదివింది సర్. కోడ్ పంపేశాను. వైరస్ ఆగింది. డిస్కు కూడా.”

పన్నెండు దాటింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది.

శ్యాంసుందర్ గుమ్మంలో నిలబడి గొంతు పెంచాడు. “అందరు ఇనుండ్రి. గది గ్యాస్ ముచ్చట గాదు, తిట్టు గాదు. సిలిండర్, హెడ్, సెక్టార్: డిస్కు లోపల కోడ్ దాచిన జాగకు అడ్రసు. పాణం మీదికొచ్చినప్పుడు రవీందర్ దాన్ని కాయిదం మీద రాయలే, తల్లికి చెప్పిండు. హెడ్‌ది అంటే అవ్వకు ఎడ్డిది అని ఇనవడ్డది. గంతే.”

మొగిలవ్వ చెంపలేసుకుంది. నర్సవ్వ మాత్రం తలెత్తలేదు.

“తిట్టలేదా నన్ను?”

“తిట్టలేదవ్వా.”

“నేను తిట్టిన కొడుకా. ‘నువ్వే ఎడ్డోనివి, ఫోన్ పెట్టెయ్’ అన్న. ఇప్పుడు నాకైతే తెల్సె. మరి వానికెవలు జెప్తరు?”

ఎంత చెరిపేసిన మాటనైనా వెతికి తీసే శ్యాంసుందర్ దగ్గర, ఆ ఒక్క మాట చేరాల్సిన అడ్రసు లేదు.