బంతిలోంచి లేపేసిన అవ్వ

కుందనగిరి రాజ్యంలో మూడేళ్ళుగా ఏ ఇంటా పొయ్యి రాజుకోవడం లేదు. చెకుముకి రాళ్ళు ఎంత కొట్టినా రవ్వ పుట్టదు. జనం నానబెట్టిన బియ్యం, పచ్చిదుంపలు తిని బతుకుతున్నారు. కొత్త బియ్యపు పండుగ ఏటా వచ్చిపోతోందే గాని, ఎక్కడా ఒక్క అరిసె వేగలేదు.

దీనికంతటికీ కారణం ఒక విందు. ఆనాడు భద్రసేన మహారాజు కోటలో ఊరందరికీ పండుగ భోజనాలు పెట్టాడు. మొదటి బంతిలో మాసిన చీర కట్టుకున్న ముసలమ్మ ఒకతె కూర్చుంది. "దాన్ని లేపెయ్!" అన్నాడు రాజు. వంటపెద్ద అప్పలస్వామి ఆమెను విస్తరి ముందునుంచి లేపి బయటికి నెట్టాడు. ఆమె అగ్నిని కాపాడే నిప్పులవ్వ అని అప్పటికి ఎవరికీ తెలియదు. అవ్వ గాడిపొయ్యిలోంచి మూడు నిప్పుకణికలు తీసి కొంగున కట్టుకుని అడవిలోకి వెళ్ళిపోయింది. ఆ క్షణమే రాజ్యంలోని పొయ్యిలన్నీ ఆరిపోయాయి.

రాజును అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అందరూ అప్పలస్వామినే తిట్టారు. అంతకుముందు పండుగ వస్తే వీధంతా అతని పెరట్లోనే చేరి పిండి దంచేది, కొబ్బరి కోరేది. ఇప్పుడు పక్కింటి రత్తాలు కూడా గోడ మీదుగా పలకరించడం మానేసింది.

నాలుగో పండుగ నెల్లాళ్ళుందనగా, అప్పలస్వామి కూతురు పైడి అంది: "నేను పోయి అవ్వనడిగి నిప్పు తెస్తానయ్యా."

"పోవాల్సింది నేనమ్మా," అన్నాడు అప్పలస్వామి తల దించుకుని. "కానీ ఆవిడ మొహం చూడలేను."

తల్లి కొంచెం బియ్యం, బెల్లం, ఒక కొబ్బరిచిప్ప మూటగట్టి, నిప్పు తెచ్చుకోడానికి ఒక కుండ కూడా ఇచ్చింది.

మూడు రోజులు నడిచాక పెద్ద లోయ అడ్డొచ్చింది. దాని ఒడ్డున, తేనెపట్టు కింద ఒక ఎలుగుబంటి కూర్చుని ఉంది.

"మనుషులంతా దొంగలు," అంది ఎలుగు. "రేపు పొద్దుటిదాకా ఏమీ తినకుండా ఈ పట్టుకు కాపలా కాస్తే నిన్ను లోయ దాటిస్తాను."

తేనె చుక్కలు చుక్కలుగా పైడి పాదాల దగ్గరే రాలింది. కడుపు కాలిపోతున్నా ఆమె వేలు కూడా ముంచలేదు. తెల్లవారాక ఎలుగు ఆమెను వీపున ఎక్కించుకుని అవతలి ఒడ్డున దించింది.

అక్కడ గండకుడనే రాక్షసుడు దారి కాచి ఉన్నాడు. "ఉడికిన తిండి తిని మూడేళ్ళయింది! నిన్ను పచ్చిగానే నమలాలి!" అని అరిచాడు.

పైడి రెండడుగులు వెనక్కి వేసింది. అయినా వంటపెద్ద కూతురు కదా! "కాస్త ఓపిక పట్టు. నిప్పు లేకుండానే పిండివంట చేసిపెడతాను," అంది. సెలయేట్లో బియ్యం నానబెట్టి, బండమీద దంచి, బెల్లమూ కొబ్బరిముక్కలూ కలిపి చలిమిడి చేసి పెట్టింది. రాక్షసుడు వేళ్ళు నాకాడు. "ఇంకా ఉందా?"

"లేదు. నన్ను తినేస్తే మళ్ళీ చేసేవాళ్ళూ ఉండరు."

గండకుడు గొణుక్కుంటూ పక్కకు జరిగాడు.

కొండ కొమ్మున నిప్పులవ్వ మూడు కణికల ముందు కూర్చుని ఉంది. "నన్ను నెట్టిందెవరే?" అని అడిగింది.

రాజేనని చెప్పేద్దామనుకుంది పైడి. కానీ అవ్వ కళ్ళలోకి చూస్తూ అబద్ధం చెప్పలేకపోయింది. "నెట్టింది మా అయ్య. నెట్టమన్నది రాజు. మా అయ్య సిగ్గుతో చచ్చిపోతున్నాడవ్వా."

"రాజుకు సిగ్గు లేదన్నమాట! నిప్పు తీసుకుపో. అందరి పొయ్యిలూ వెలుగుతాయి. రాజు నలుగురిలో తప్పు ఒప్పుకునేదాకా మీ పొయ్యి మాత్రం వెలగదు."

"ఇదేం న్యాయం?"

"న్యాయమని ఎవరన్నారు? ఇది నా కోపం. వద్దంటే వట్టి చేతులతో పో."

పచ్చిదుంపలు తినలేక ఏడ్చే పసిపిల్లలు పైడికి గుర్తొచ్చారు. ఏడుస్తూనే కుండ చాపింది.

ఆమె ఊళ్ళో అడుగుపెట్టగానే తమ ఇల్లు తప్ప ఇంటింటా పొయ్యి రాజుకుంది. తన పూజల ఫలమే ఇదని రాజు దండోరా వేయించాడు. పైడి కోటకు వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

"నీకేం కావాలి? నా కోడలివవుతావా?" అన్నాడు రాజు.

"అవ్వను లేపెయ్యమన్నది మీరేనని పండుగ బంతిలో చెప్పండి ప్రభూ. అంతే చాలు."

"రాజులు అలాంటి మాటలు చెప్పరు," అని భద్రసేనుడు లేచి లోపలికి పోయాడు. ఆ మాట అతడు బతికినన్నాళ్ళూ చెప్పలేదు.

పండుగనాడు ఊరంతా నేతి వాసన. అప్పలస్వామి ఇంట్లో ముగ్గురూ నానిన బియ్యం ముందు కూర్చున్నారు. అప్పుడు రత్తాలు గుమ్మంలోకి వచ్చి నేల చూస్తూ నిలబడింది.

"అన్నయ్యా, అరిసెల పాకం ముదిరిపోతోంది. కాస్త వచ్చి చూడవా?"

అప్పలస్వామి ముందున్న బియ్యం పక్కకు జరిపాడు. తరవాత తువ్వాలు నడుముకు చుట్టుకుని లేచాడు. అతని చెయ్యి పడేసరికి పాకం కుదిరింది. ఒక్కొక్కరే వీధివాళ్ళంతా రత్తాలు పెరట్లో చేరారు. ఎవరూ క్షమించమనలేదు. గుమ్మడికాయ తరిగారు, అన్నం వార్చారు, విస్తళ్ళు పరిచారు.

రత్తాలు వడ్డిస్తుంటే పైడి అడిగింది: "మూడేళ్ళూ గోడ పక్కనే ఉన్నావు కదత్తా. ఒక్కసారీ పలకరించలేదేం?"

రత్తాలు చేతిలో గరిటె ఆగిపోయింది. "భయమేసిందే. మమ్మల్ని కూడా తిడతారని."

ఆ జవాబు పైడికి మింగుడు పడలేదు. ఆమె అత్త మొహం చూడకుండా వేడి అన్నం కలుపుకుంది. ఆకలి దంచేస్తోంది.

"కూర ఇంకొంచెం వెయ్యి," అంది.